నాలుగు వేళ్ళ కాగితం

చొక్కాకు మూడో గుండీ పెట్టుకుంటూ ఉండగానే జేబులోకి మొదటి కాగితం దిగింది. ఎవరిదో తల వంచి చూడనక్కర్లేదు, మడతే చెబుతుంది. పదేళ్ళ పెద్దది కాగితాన్ని సగానికి మడిచి అంచును గోటితో గీస్తుంది. ఎనిమిదేళ్ళ నడిపివాడు ఉండచుట్టి కుక్కుతాడు. ఐదేళ్ళ చిట్టికి మడతపెట్టడం ఇంకా చేతకాదు, ఉన్న కాగితాన్ని ఉన్నట్టే నిలువుగా గుచ్చుతుంది. దాని కొస దారి పొడుగునా నాన్న గడ్డాన్ని గోకుతూనే ఉంటుంది.

రోజుకు ఒక్కొక్కరికి ఒక్క ప్రశ్నే అన్నది ఆ ఇంటి చట్టం. చేసింది వాళ్ళమ్మ. చట్టం రాకముందు ముగ్గురూ గుమ్మం దగ్గర నాన్న కాళ్ళకు చుట్టుకుని, బల్లి గోడమీద నిద్రపోతే కింద పడదేం, ఉల్లిపాయ కోస్తే కోసినవాళ్ళే ఎందుకు ఏడవాలి, నిన్న అనేది ఇప్పుడెక్కడుంది అని చెవిలో ఇల్లు కట్టుకుని పోరేవారు. వారానికి మూడు రోజులు అతను పనికి ఆలస్యంగా వెళ్ళేవాడు. ఇప్పుడలా కాదు. ప్రశ్న కాగితం పై సగంలో రాయాలి, కింది సగం జవాబుకు వదలాలి, సాయంత్రం దాకా నోరెత్తకూడదు. చిట్టికి అక్షరాలు రావు కనుక బొమ్మ వేయవచ్చు.

ఆ రోజు పెద్దదాని కాగితం జేబులో బొద్దుగా తగిలింది. ఎప్పటిలా ఒక మడత కాదు, నాలుగు మడతలు. అతను పైనుంచి తడిమి చూసుకుని ఊరుకున్నాడు. మధ్యాహ్నం దాకా విప్పకూడదన్నది కూడా చట్టంలోదే.

"ఇవాళ సాయంత్రమైనా చెబుతారా వాళ్ళకి?" భోజనం డబ్బా చేతికిస్తూ భార్య గొంతు తగ్గించి అడిగింది.

"చూద్దాం."

"వారం రోజులుగా చూస్తూనే ఉన్నారు. చూసీ చూసీ మీకు కళ్ళజోడు వస్తుంది."

అతను చెప్పులేసుకుని వీధిలో పడ్డాడు. చెప్పవలసిన మాట చిన్నదే. ఆ ముగ్గురు పిల్లలూ తమ నాన్నకు తెలియనిది ఈ లోకంలో లేదని నమ్ముతున్నారు. నమ్మరా మరి? పొద్దున జేబులో పడ్డ ప్రశ్న సాయంత్రానికి జవాబుతో తిరిగొస్తుంది. కానీ ఆ జవాబులు అతనివి కావు. అతను పనిచేసే ప్రెస్సులో ప్రూఫులు దిద్దే మాష్టారివి. ఆ మాష్టారు ఈ రోజుతో పని మానుకుని సాయంత్రం రైలుకు వెళ్ళిపోతున్నారు. ఐదో తరగతితో బడికి దండం పెట్టిన మనిషి ఆరేళ్ళుగా మోస్తున్న పండితుడి వేషం రేపటితో ఊడిపోతుంది.

ప్రెస్సు రెండు వీధుల అవతల ఒక రేకుల షెడ్డు. లోపలికి అడుగు పెట్టగానే సిరా వాసన, కిరసనాయిలు వాసన, వాటి వెనక కొత్త కాగితం వాసన. అక్కడ అందరూ అతన్ని కటింగాయన అంటారు. కొత్తగా విన్నవాళ్ళు జుట్టు కత్తిరిస్తాడేమో అనుకునేవారు. అతను కోసేది కాగితం. దొంతరను బల్లమీద నాలుగువైపులా తట్టి అంచులు కలపాలి, వెనక అడ్డుపలకకు ఆనించాలి, పైన చక్రం తిప్పి కాగితం కదలకుండా అదమాలి, అప్పుడు రెండు చేతులతో రెండు మీటలు నొక్కితే రెండు మూరల కత్తి దిగుతుంది. ఈ రెండో మీట తరవాత పెట్టించింది. అంతకుముందు ఒక్కటే ఉండేది, ఖాళీగా ఉన్న రెండో చెయ్యి ఊరుకోక కాగితం సర్దబోయేది. అతనికి ముందు ఆ మిషను మీద పనిచేసిన ఇద్దరికీ కలిపి పదిహేడు వేళ్ళే మిగిలాయి. ఇరవై నాలుగేళ్ళు అక్కడ నిలబడి పదికి పది వేళ్ళతో ఉన్నవాడు అతనొక్కడే. జీవితంలో అతను గొప్పగా చెప్పుకునేది ఏదైనా ఉంటే అదే. పిల్లలకు అంకెలు నేర్పింది కూడా ఆ వేళ్ళమీదే.

కోతలో మిగిలిన తునకలకూ ఒక లెక్క ఉంది. నాలుగు వేళ్ళకన్నా వెడల్పున్నవి రసీదు పుస్తకాలకు పనికొస్తాయి, అవి యజమానివి. రెండు వేళ్ళకన్నా సన్నవి చిత్తు కాగితాలవాడివి. ఆ మధ్యన ఉన్నవి ఎవరికీ అక్కర్లేదు. వాటిని అడిగి రోజూ ఒక గుప్పెడు ఇంటికి తీసుకెళ్ళేవాడు. అందుకే ఆ ఇంట్లో పిల్లల లోకమంతా నాలుగు వేళ్ళ వెడల్పే. చెట్లు, నిచ్చెనలు, జిరాఫీలు, వాన బాగా కుదిరేవి. ఏనుగు దగ్గరకొచ్చేసరికి చిక్కొచ్చింది. పెద్దది ఏడేళ్ళప్పుడు దాన్ని ఆరు కాగితాలమీద ముక్కలు ముక్కలుగా వేసి బీరువా తలుపుకు జిగురుతో అంటించింది. మూడో కాగితం ఎప్పుడో ఊడిపోయింది. పొట్ట లేకుండానే ఆ ఏనుగు మూడేళ్ళుగా నడుస్తోంది.

దొంతర తడుతూ అతను తన చిన్నతనం తలుచుకున్నాడు. ఈ వారమంతా అదే గుర్తొస్తోంది. తండ్రి గూడ్సు షెడ్డులో బస్తాలు మోసేవాడు. ఆరేళ్ళ వయసులో ఒక సాయంత్రం, ఆగిపోయిన గాలి ఎక్కడికి వెళ్తుందని తండ్రిని అడిగాడు. తండ్రి చెడ్డవాడు కాదు, అలిసిపోయి ఉన్నాడు. చెంప మీద ఒక్కటిచ్చి పని చూసుకోమన్నాడు. దెబ్బ పెద్దది కాదు, మర్నాటికి మరిచిపోయాడు. కానీ ఆ తరవాత ఎవరినీ ఏమీ అడిగిన గుర్తు లేదు. పెద్దది నాలుగేళ్ళప్పుడు ఒళ్ళో కూర్చుని, ఒకరు ఆవలిస్తే పక్కవాళ్ళకెందుకు వస్తుంది నాన్నా అని మొదటిసారి అడిగినప్పుడు అతనికి ఆ చెంప చురుక్కుమంది. తెలియదనడానికి నోరు రాలేదు. "రేపు చెబుతా" అన్నాడు. మర్నాడు ప్రెస్సులో నీళ్ళు నమిలి నమిలి మాష్టారిని అడిగాడు. అలా మొదలైంది.

మాష్టారు ఏ బడిలోనూ పాఠం చెప్పలేదు. అందరి తప్పులూ దిద్దుతారు గనుక మాష్టారు. పెళ్ళి చేసుకోలేదు. నలభై ఏళ్ళుగా కిటికీ పక్కన ఒకే ముక్కాలిపీట, ఒకే బల్ల. బల్లమీద ఎర్ర సిరా, భూతద్దం, ముక్కుపొడుం డబ్బీ, దిద్దిన కాగితాలు గుచ్చడానికి చెక్క దిమ్మలో దిగ్గొట్టిన ఇనప ఊచ. మందుల కరపత్రాలు, విత్తనాల జాబితాలు, పాఠ్యపుస్తకాలు, పంపుసెట్టు విప్పి బిగించే విధానం, ఏది అచ్చుకొచ్చినా మొదట చదివేది ఆయనే. అలా అన్నిట్లోంచీ తలా ఒక చిటికెడు ఆయన బుర్రలో మిగిలిపోయింది. తెలిసినది చెప్పేవారు, కటింగాయన కాగితం కింది సగంలో తన లావుపాటి అక్షరాలతో రాసుకునేవాడు. తెలియనిదైతే "ఇది చూడాలోయ్" అని ఆ కాగితాన్ని ఊచకు గుచ్చేసేవారు. ఆ రోజుల్లో కటింగాయన పాట్లు చూడాలి. ఇంటిదారిలో కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కుంటున్నట్టు కాసేపు నిలబడి, ఏదో ఒకటి అల్లుకుని, కాగితం మిషనులో పడిపోయిందమ్మా, జవాబు మాత్రం గుర్తుందని చెప్పి గట్టెక్కేవాడు.

ఇప్పుడు మాష్టారి కళ్ళు మబ్బేశాయి. పోయిన నెల ఒక దగ్గుమందు కరపత్రంలో రెండు చెంచాలు అని ఉండవలసిన చోట ఇరవై అని ఉన్నది ఆయన కంటికి ఆనలేదు. అచ్చుకు ముందే ఎవరో చూశారు, కొంప మునగలేదు, యజమాని ఒక్క మాట అనలేదు. మాష్టారే వెళ్ళి, ఇక చాలు, మా చెల్లెలి ఊరు వెళ్ళిపోతానని చెప్పేశారు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక కటింగాయన ఎప్పటిలా మాష్టారి బల్ల ముందు చిన్న స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"తియ్యి ఇవాళ్టివి," అన్నారు మాష్టారు పొడుం పట్టు వేసి.

మొదట నడిపివాడి ఉండ విప్పారు. గడియారం మొదట చేసినవాడికి అప్పుడు టైమెంతో ఎవరు చెప్పారని ఉంది. భూతద్దం కింద రెండుసార్లు చదివి మాష్టారు చప్పుడు లేకుండా పొట్ట కదిలేలా నవ్వారు. ఎండ చెప్పిందని రాయమన్నారు. నీడ చూసుకుని ముల్లు పెట్టుకుని ఉంటాడట. చిట్టి కాగితం దగ్గర ఇద్దరూ చతికిలపడ్డారు. పై నుంచి కిందికి ఒక పొడుగాటి గీత, పైన సున్నా, మధ్యలో చిన్న డబ్బా, అటూ ఇటూ రెండు గీతలు, వాటి చివర పుల్లలు. మాష్టారు దువ్వెనలన్నారు. అతను చీపుళ్ళన్నాడు. పుల్లలు లెక్కపెడితే ఇటు ఐదు, అటు ఐదు ఉన్నాయి. ప్రశ్నేమిటో తెలిస్తేగా జవాబు, ఇంటికెళ్ళి ఆవిడ్నే అడుగు అన్నారు మాష్టారు.

తరవాత నాలుగు మడతల కాగితం విప్పారు. అది చదవడానికి చాలాసేపు పట్టింది. కళ్ళు ఆనక అనుకున్నాడు కటింగాయన. మాష్టారు భూతద్దం బల్లమీద పెట్టి, కాగితాన్ని మళ్ళీ ఆ మడతల్లోనే మడిచి సొంత జేబులో వేసుకున్నారు.

"ఇది నా పేరున వచ్చిందోయ్. జవాబు నేనే రాస్తాను."

"మీ పేరునా?"

"మాష్టారు గారికి అని పైనే ఉంది. మీ పెద్దమ్మాయికి నేను తెలుసు."

కటింగాయన స్టూలు ముందుకు లాక్కున్నాడు. ఎప్పటినుంచి తెలుసు, ఎలా తెలుసు, మిగతా ఇద్దరికీ తెలుసా అని అడగాలనుకున్నాడు. నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"రేపటినుంచి వాళ్ళకేం చెప్పమంటారు మాష్టారూ?"

"తెలియదని చెప్పు. తప్పేముంది?"

"తెలియదంటే ఇక అడగరండీ. నేను మానేసింది అలాగే."

మాష్టారు పొడుం డబ్బీ మూత తీశారు, పట్టు వేయకుండానే మూసేశారు. జవాబు తెలియనప్పుడు ఎప్పుడూ అనే 'ఇది చూడాలోయ్' కూడా ఆ రోజు అనలేదు.

ఆ మధ్యాహ్నం ఇరవై నాలుగేళ్ళలో జరగనిది జరిగింది. దొంతర తట్టాడు, ఆనించాడు, చక్రం బిగించడం మరిచిపోయి మీటలు నొక్కాడు. కత్తి కింద కాగితం జారింది. ఐదు వందల కాగితాలు ఒకవైపు ఏటవాలుగా తెగాయి. యజమాని పరుగున వచ్చి మొదట అతని చేతులు చూశాడు, తరవాత కాగితం చూశాడు. ఎప్పుడూ తప్పు చేయనివాణ్ణి ఎలా తిట్టాలో ఆయనకూ అలవాటు లేదు.

"తీసుకుపోవయ్యా. మీ ఇంట్లో కాగితాలు తినేవాళ్ళు ముగ్గురున్నారుగా," అని విసుక్కుని వెళ్ళిపోయాడు.

నాలుగున్నరకు మాష్టారు చేతిసంచీతో మిషను దగ్గర ఆగారు. వీడ్కోళ్ళవీ ఏమీ లేవు. రోజూ పనయ్యాక వెళ్తూ అడిగేదే అడిగారు.

"పదీ ఉన్నాయా?"

కటింగాయన రెండు చేతులూ చాపి చూపించాడు. "ఉన్నాయి మాష్టారూ."

ఆయన దగ్గరికి వంగి, నిజంగానే ఒక్కొక్క వేలూ చూసి, తల ఊపి, షెడ్డు గుమ్మం దగ్గర గడప కోసం కాలితో తడుముకుని బయటికి నడిచారు. అతను స్టేషను దాకా వస్తానంటే వద్దన్నారు. పిల్లలు ఎదురుచూస్తుంటారు, పో అన్నారు.

ఇంటికి కాగితాల కట్ట భుజాన వేసుకుని వెళ్ళాడు. గుమ్మంలో ముగ్గురూ మీదపడబోయి, కట్ట విప్పగానే తెల్లమొహాలు వేశారు. ఏటవాలుగా తెగినా, ఒక్కొక్క కాగితం చిట్టి పడుకుంటే సరిపోయేంత ఉంది. అంత తెల్లదనం వాళ్ళెప్పుడూ చూడలేదు. నడిపివాడు ఒక కాగితం చుట్టూ తిరిగి వచ్చాడు.

"ఇంత పెద్దదాన్లో ఒక్క ప్రశ్నేనా?" అన్నాడు అనుమానంగా.

పెద్దది కాసేపు ఆలోచించి కత్తెర తెచ్చింది. నాన్న ఎడమచెయ్యి లాగి కాగితం మీద బోర్లా పెట్టి, బొటనవేలు పక్కకు తోసి, నాలుగు వేళ్ళకు అటూ ఇటూ గీత గీసింది. ఆ కొలతకు కత్తిరించడం మొదలుపెట్టింది. వంటగది గుమ్మంలో భార్య కళ్ళతోనే సైగ చేసింది, ఊఁ, కానివ్వండి అని. అతను పెద్దదాని వైపు తిరిగాడు.

"అమ్మా, ఒక మాట. నాకు... అన్నీ తెలియవు. ఇన్నాళ్ళూ తెలిసినట్టు చెప్పాను గానీ, తెలియవు."

"తెలుసు," అంది పెద్దది కత్తెర ఆపకుండా.

"ఏం తెలుసు?"

"నీకు తెలియదని."

రెండేళ్ళ కిందట అతను మరిచిపోయిన భోజనం డబ్బా ఇవ్వడానికి అది ప్రెస్సుకు వచ్చిందట. కిటికీలోంచి చూస్తే ఒక తాతగారి ముందు నాన్న చిన్న స్టూలు మీద, బళ్ళో పిల్లాడిలా కూర్చుని రాసుకుంటున్నాడట. డబ్బాను గేటు దగ్గర ఇచ్చేసి వెనక్కి వచ్చేసిందట. ఇంట్లో అమ్మకు చెప్పలేదు, తమ్ముడికి చెప్పింది. తమ్ముడికి అప్పటికే అనుమానం. జవాబు కాగితాలు వాసన చూస్తే తుమ్ములొస్తున్నాయి, నాన్న పొడుం పీల్చడు, సంగతేమిటని వాడు చాలా రోజులుగా తల బద్దలుకొట్టుకుంటున్నాడు.

నడిపివాడు మంచం కిందికి దూరి రెండు రేకు డబ్బాలు లాక్కొచ్చాడు. ఒకదానిలో మాష్టారి వేళ్ళ పొడుం అంటిన కాగితాలు కిక్కిరిసి ఉన్నాయి. దాని పేరు తుమ్ముల డబ్బా. రెండోదానిలో పెద్దదాని చేతిరాతతో ఒక పాతిక ముప్పై కాగితాలే ఉన్నాయి. ఊచకు పోయిన ప్రశ్నలకు అతను కుళాయి దగ్గర అల్లిన జవాబులు. సాయంత్రం అతను చెప్పగానే అది వెళ్ళి రాసుకునేదట. ఈ సంగతి అతనికి ఇప్పటిదాకా తెలియదు.

పెద్దది ఒకటి తీసి చదివింది. రాత్రి నీడలన్నీ ఎక్కడికి పోతాయి? అన్నీ ఒకచోట కలిసి పడుకుంటాయి, అందుకే అంత చీకటి. ఇంకొకటి. చేపలకు దాహం వేస్తుందా? వేస్తుంది గానీ, నోరు తెరిస్తే నీళ్ళే కాబట్టి అవి ఎప్పుడూ గమనించలేదు. చదువుతుంటే చిట్టి పెదవులు ముందే కదులుతున్నాయి. దానికవి కంఠతా వచ్చు.

"అవన్నీ అబద్ధాలు రా," అన్నాడతను. ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"అవును," అన్నాడు నడిపివాడు సంతోషంగా. "తుమ్ములవి బళ్ళో చెప్పడానికి. ఇవి మాకు."

"నాకు తెలియదని తెలిసి కూడా రోజూ ఎందుకడిగారు మరి?"

ఇది మరీ తెలివితక్కువ ప్రశ్నలా పెద్దది అతని వంక చూసింది. "నువ్వు సాయంత్రం చెబుతావుగా," అంది.

చిట్టి వచ్చి జేబులోంచి తన బొమ్మ లాక్కుని, దీన్ని చూశావా అని నిలదీసింది. ప్రశ్నేమిటో తెలియలేదని ఒప్పుకున్నాడు. ప్రశ్న కాదట. ఆ పొడుగుమనిషి నాన్నట, డబ్బా జేబట. కావాలంటే వేళ్ళు లెక్కపెట్టుకోమంది. మాష్టారికేం రాశావమ్మా అని పెద్దదాన్ని అడిగితే మాత్రం అది చెప్పలేదు. ఆయన వెళ్ళిపోతున్నారని మీ గుసగుసల్లో విన్నాను, రోజుకు ఒక్కటేగా, ఇవాళ్టి నా ప్రశ్న ఆయనకిచ్చేశాను అంది. పండితుడుగారికి ఉద్యోగం పోలేదన్నమాట అని భార్య లోపలినుంచి నవ్వింది. ఆ సాయంత్రాన్ని అతను తరవాత ఎన్నో ఏళ్ళు తలుచుకున్నాడు. పిల్లలు పెరిగి, కాగితాలు తెమ్మనడం మానేసి, జేబు తేలికైపోయాక మరీ తలుచుకున్నాడు. అప్పుడు మాత్రం నేలమీద కూర్చుని, ఎడమచెయ్యి కదపకుండా, అది కత్తిరించడం అయ్యేదాకా అలాగే ఉంచాడు.

మర్నాడు పొద్దున మూడో గుండీ దగ్గరే మళ్ళీ మూడు కాగితాలు దిగాయి. మధ్యాహ్నం భోజనమయ్యాక అతని కాళ్ళు అలవాటుగా కిటికీ వైపే నడిచాయి. మాష్టారి బల్ల సొరుగు ఖాళీ. భూతద్దం, డబ్బీ లేవు. చూడాలోయ్ అని ఆరేళ్ళుగా గుచ్చిపెట్టిన పిల్లల కాగితాలన్నిటినీ మాష్టారు ఊచ నుంచి తీసి వెంట తీసుకెళ్ళినట్టున్నారు. ఊచకు ఒక్కటే మిగిలింది. దానికి నాలుగు మడతల గీతలున్నాయి. అతను కూడబలుక్కుని చదివాడు.

"మాష్టారు గారికి. మీరు వెళ్ళే ఊళ్ళో మిమ్మల్ని ప్రశ్నలు ఎవరు అడుగుతారు?"

కింది సగంలో, జవాబు రాయవలసిన చోట, అక్షరం ముక్క లేదు. గోధుమరంగు పొడుం అంటిన బొటనవేలి ముద్ర ఒకటి మాత్రం ఉంది.